లెక్క ఎవరి చేతిలో, అన్నం ఎవరి పళ్లెంలో?

(హౌరాలో జరిగిన తెలుగు రైల్వే, తపాలా కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



రాత్రి డ్యూటీ ముగించుకొని, నిద్రను పక్కనబెట్టి ఈ తరగతికి వచ్చినవారు మీలో చాలామంది ఉన్నారు. ఖరగ్‌పూర్ నుండి తెల్లవారుజామున లోకల్ బండి పట్టుకొని వచ్చినవారున్నారు. ఆర్.ఎం.ఎస్. సార్టింగు బల్లల ముందు నుండి లేచి నేరుగా వచ్చినవారున్నారు. ఇట్టి సభలో ఒక విద్యాసంస్థ చరిత్రను గూర్చి ప్రసంగించడం సమంజసమేనా అని నేనే కొంత సందేహించాను. లోనికి వస్తుండగా ఒక యువ మిత్రుడు, "అన్నగారూ, కరువు భత్యం సంగతి చెబుతారనుకున్నాం, కాలేజీ సంగతి చెబుతారట!" అని అడగనే అడిగాడు.

నేను చెప్పబోయేది కరువు భత్యం గురించే. జనవరిలోనూ జూలైలోనూ మన పే స్లిప్పులో మారే ఆ అంకె కేంద్ర కార్మిక శాఖకు చెందిన లేబర్ బ్యూరో ప్రకటించే ధరల సూచిక నుండి వస్తుంది. ఆ సూచిక, కార్మిక కుటుంబాలు ఏమి కొంటున్నవి, ఎంత ఖర్చు చేస్తున్నవి అన్న సర్వే నుండి వస్తుంది. కోట్లాది కుటుంబాలలో కొన్నింటిని మాత్రమే అడిగి అందరి సంగతీ తెలుసుకునే ఆ విద్యను మన దేశంలో నాటి, పెంచి, ప్రభుత్వాల చేత అంగీకరింపజేసిన సంస్థ ఈ గంగకు అవతలి ఒడ్డునే ఉన్నది. దాని పేరు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. తెలుగులో భారతీయ గణాంక సంస్థ అందాము.

ఒక గదిలో పుట్టిన సంస్థ

కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ప్రశాంతచంద్ర మహలనోబిస్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు ఉండేవారు. 1893లో జన్మించిన ఆయన కేంబ్రిడ్జిలో చదివి వచ్చారు. బోధించే శాస్త్రం భౌతికమైనా ఆయన మనసు మాత్రం గణాంకాల మీద ఉండేది. 1920ల నాటికి కళాశాలలోని తన గదిలోనే చిన్న గణాంక ప్రయోగశాలను నడుపుతుండేవారు. 1931 డిసెంబరు 17న జరిగిన సమావేశంలో సంస్థ స్థాపనకు నిర్ణయం జరిగింది. 1932 ఏప్రిల్ 28న అది సొసైటీగా రిజిస్టరయింది. మొదటి సంవత్సరం మొత్తం ఖర్చు 250 రూపాయలకు లోపే. 1933లో 'సాంఖ్య' అనే పత్రికను ప్రారంభించారు. విశ్వవిద్యాలయ వాతావరణంలో పుట్టి, ప్రభుత్వ విధానాలకు ఆధారమైన లెక్కలను అందించిన సంస్థ మన దేశంలో ఇంత పెద్దదిగా ఎదిగినది మరొకటి చెప్పడం కష్టం.

ఈ సంస్థ మొదటి అధ్యక్షుడు సర్ రాజేంద్రనాథ్ ముఖర్జీ. ఆయన భాగస్వామిగా ఉన్న మార్టిన్ కంపెనీయే ఒకప్పుడు హౌరా నుండి ఆమ్తాకు చిన్న రైలును నడిపింది. 1921లో హౌరాకు కొత్త వంతెన ఎట్టిది కావాలో పరిశీలించిన సంఘానికి అధ్యక్షుడూ ఆయనే. 1943లో తెరిచిన ఆ వంతెన మీదనే మీరు రోజూ నడుస్తున్నారు. కార్మికుడి సొమ్ముతోనూ చెమటతోనూ కట్టిన వంతెనలకు పారిశ్రామికవేత్తల పేర్లు నిలుస్తాయన్నది వేరే చర్చ. గణాంక సంస్థకు పునాదుల నాడే ఉన్నత వర్గాల ఆదరణ ఉండినదన్న సంగతిని మాత్రం మనం దాచుకోనక్కరలేదు. పుట్టుక ఎక్కడైనా, ఆ సంస్థ చేసిన పని ఎవరికి ఉపయోగపడినదన్నదే మన కొలబద్ద.

వరద చెప్పిన పాఠం

1922లో ఉత్తర బెంగాల్‌ను వరద ముంచెత్తింది. రైలు కట్టలే నీటిని ఆపివేసినవన్న ఆరోపణ ఆనాడు బలంగా వినిపించింది. ప్రభుత్వ ఇంజనీర్లు వరద నీటిని నిలువరించేందుకు బహు వ్యయంతో కూడిన జలాశయాలను ప్రతిపాదించారు. మహలనోబిస్ సుమారు అర్ధ శతాబ్దపు వర్షపాతం లెక్కలను ముందు పెట్టుకొని, ఆ జలాశయాల వల్ల ప్రయోజనం లేదనీ, నీరు త్వరగా పారిపోయే మార్గాలు కావాలనీ తేల్చారు. 1926లో ఒరిస్సాలో బ్రాహ్మణి నదికి వరద వచ్చినప్పుడు నది అడుగు పూడి పైకి లేచినదనీ, కట్టలను ఎత్తు చేయాలనీ నిపుణులన్నారు. అరవై ఏళ్ల లెక్కలు చూసి, అడుగు లేవలేదనీ, ఆ ఏడు కురిసిన అధిక వర్షమే కారణమనీ ఆయన చూపారు.

"నాకు అనిపిస్తున్నది" అనే పెద్ద అధికారి కంటె "ఇదిగో లెక్క" అనే చిన్న ఉద్యోగి బలవంతుడు. సంప్రదింపుల బల్ల దగ్గర కూర్చునే ప్రతి కార్యకర్తా మొదట గ్రహించవలసినది ఇదే.

ఒక్క మెతుకు

అన్నం ఉడికినదో లేదో తెలుసుకోవడానికి కుండంతా తినవలసిన పనిలేదు. ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన తల్లులు ఎరుగుదురు. నమూనా సర్వే సూత్రం ఇదే. అయితే పైమెతుకు పలుకుగా ఉండవచ్చు, అడుగుది మాడి ఉండవచ్చు. కుండను కలిపి, ఏ మూల నుండైనా మెతుకు చేతికి వచ్చే వీలు కల్పించి తీయాలి. తీసేవాడు తనకు నచ్చిన మెతుకును ఏరుకోరాదు. గణాంక శాస్త్రమంతా ఈ షరతు చుట్టూనే తిరుగుతుంది.

1930ల చివర బెంగాల్‌లో జనపనార పంట ఎంతో తేల్చే పనిని ఈ సంస్థకు అప్పగించారు. గంజాం, విశాఖ జిల్లాల నుండి వచ్చి హుగ్లీ తీరపు జూట్ మిల్లులలో చేరిన మన తాతల తరం చేతుల మీదుగా నడిచినది ఆ పంటే. 1941లో ప్రభుత్వం ప్రతి మడినీ లెక్కించి, పంట సుమారు 63 లక్షల బేళ్లని చెప్పింది. సంస్థ కొన్ని మళ్లను మాత్రమే శాస్త్రీయంగా ఎంపిక చేసి చూసి, 75 లక్షల బేళ్లని చెప్పింది. చివరకు వ్యాపార లెక్కలలో తేలిన పంట సుమారు 75 లక్షలే! ఖర్చు చూస్తే నమూనా సర్వేకు అయినది పూర్తి లెక్కింపు ఖర్చులో దాదాపు పదోవంతు. వేలాది మంది హడావుడిగా వ్రాసిన లెక్కను వందల మంది శ్రద్ధగా వ్రాసిన లెక్క ఓడించింది.

కరువు తరువాత

1943 నాటి బెంగాల్ కరువు సంగతి హౌరాలో వేరే చెప్పనక్కరలేదు. ఈ ఊరి ప్లాట్‌ఫారాల మీద ఆకలితో పడిపోయినవారిని చూచిన తరం ఇటీవలి వరకు మన మధ్యనే ఉండేది. ఆ కరువు తరువాత 1944-45లో సంస్థ గ్రామాలలో నమూనా సర్వే జరిపింది. మహలనోబిస్, ఆయన సహచరులు 1946లో ఆ ఫలితాలను ప్రచురించారు. కరువుకాలంలో సుమారు 2,60,000 కుటుంబాలు తమ వరి పొలాన్నంతా కోల్పోయి భూమిలేని కూలీల వరుసలోకి జారినవని ఆ లెక్క చెప్పింది.

చనిపోయినవారి సంఖ్యను గూర్చి పాలకులు వాదులాడుకుంటున్న కాలంలో, బ్రతికి ఉండి సర్వం పోగొట్టుకున్నవారిని లెక్కించినది ఈ సర్వే. లెక్కకు ఎక్కని దుఃఖానికి ప్రభుత్వ దస్త్రాలలో స్థానం లేదు మిత్రులారా.

ఉప్పు అబద్ధమాడదు

1947లో దేశ విభజన నాటి అల్లర్లలో ఢిల్లీ ఎర్రకోటలో వేలాదిమంది తలదాచుకున్నారు. వారికి ఆహారం అందించే పని కాంట్రాక్టర్లది. బిల్లులు చూసి ప్రభుత్వం బెదిరిపోయింది. లోపల ఎందరున్నారో కచ్చితంగా ఎవరికీ తెలియదు. లోనికి వెళ్లి తలలు లెక్కించే పరిస్థితి లేదు. అప్పుడు గణాంక నిపుణులను పిలిచారు. వారి చేతికి వచ్చినవి బిల్లులు మాత్రమే: ఇంత బియ్యం, ఇంత పప్పు, ఇంత ఉప్పు.

మనిషి సగటున ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత ఉప్పు తింటాడో పాత సర్వేల వల్ల తెలుసు. బియ్యాన్ని బట్టి లెక్క వేస్తే జనం ఎంతో ఎక్కువ వచ్చారు. ఉప్పును బట్టి లెక్క వేస్తే బాగా తక్కువ వచ్చారు. బియ్యం ధర హెచ్చు, అందులో దొంగలెక్క వ్రాస్తే లాభం ఉన్నది. ఉప్పు చవక, దానిలో దొంగలెక్క వ్రాసి ఎవడు బాగుపడతాడు? కనుక ఉప్పు చెప్పిన సంఖ్యనే నిజమని నమ్మారు. ఢిల్లీలోని మరో చిన్న శిబిరం విషయంలో పోల్చి చూడగా ఆ పద్ధతి సరైనదేనని తేలింది. ఈ ఉపాయం జె.ఎం. సేన్‌గుప్తా గారిదని సి.ఆర్. రావు గారు తమ గ్రంథంలో వ్రాశారు.

ఆ సి.ఆర్. రావు మనవాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో హడగలిలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. సైనిక సర్వే విభాగంలో ఉద్యోగానికై కలకత్తా వచ్చారు. ఉద్యోగం దొరకలేదు. ఇక్కడ పరిచయమైన ఒకరి ద్వారా ఈ సంస్థ సంగతి తెలిసి, 1941 జనవరిలో శిక్షణార్థిగా చేరారు. ఉద్యోగం కోసం వాల్తేరు నుండి రైలెక్కిన యువకుడు 25 ఏళ్లకే, 1945లో, ప్రపంచ గణాంక శాస్త్ర గ్రంథాలన్నిటా తన పేరు నిలిచే సిద్ధాంతాలను ప్రకటించాడు. మహలనోబిస్ 1972లో మరణించిన తరువాత సంస్థ సారథ్యం వహించినదీ ఆయనే. 2023లో 102 ఏళ్ల వయస్సులో కన్నుమూశారు. ఉద్యోగం దొరకని తెలుగు కుర్రవాళ్లు హౌరా స్టేషనులో ఇప్పటికీ దిగుతూనే ఉన్నారు. వారిలో ఎందరికి ఇట్టి తలుపు తెరుచుకుంటున్నదో మనం ఆలోచించాలి.

ప్రణాళిక, పస్తు

స్వాతంత్ర్యానంతరం 1949లో జాతీయాదాయ సంఘానికి మహలనోబిస్ అధ్యక్షులయ్యారు. 1950 అక్టోబరులో జాతీయ నమూనా సర్వే తొలి విడత ఆరంభమై 1,833 గ్రామాలను తాకింది. 1954 నవంబరులో నెహ్రూ ఈ సంస్థలో ప్రణాళికాధ్యయనాలను ప్రారంభించారు. 1955 మార్చిలో రెండవ పంచవర్ష ప్రణాళికకు ముసాయిదా చట్రం ఇక్కడే సిద్ధమైంది. యంత్రాలను తయారుచేసే యంత్రాలను ముందు మనమే నిర్మించుకోవాలన్నది దాని సారాంశం. భిలాయి, రూర్కెలా, దుర్గాపూర్ ఉక్కు కర్మాగారాలు ఆ కాలపు నిర్మాణాలే. 1959లో పార్లమెంటు చట్టం ద్వారా సంస్థకు జాతీయ ప్రాముఖ్యం, డిగ్రీలు ఇచ్చే అధికారం లభించాయి.

ఉక్కు అవసరమే. కాని ఉక్కు కరిగించే కార్మికుడికి బియ్యం కావాలి, బట్ట కావాలి. ఆ సరుకుల సంగతి ప్రణాళికలో చిన్నచూపుకు గురైనదని వకీల్, బ్రహ్మానంద అనే ఆర్థికవేత్తలు 1956లోనే విమర్శించారు. 1957 జూలైలో 15వ భారత కార్మిక సమావేశం కనీస వేతనానికి కొలమానం చెప్పింది: ఒక సంపాదనపరుడి మీద మూడు వినియోగ యూనిట్లు, సరియైన ఆహారం, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట. రెండవ వేతన సంఘం ఆ కొలమానాన్ని పక్కనబెట్టి 80 రూపాయల కనీస వేతనాన్ని సిఫారసు చేసింది. ఫలితం 1960 జూలై సమ్మె. రైల్వే కార్మికులు, తపాలా తంతి ఉద్యోగులు ఒక్కటై ఐదు రోజులు నిలబడ్డారు.

లెక్క ఎంత గొప్పదైనా, ఏ ప్రశ్నకు లెక్క వేయాలన్నది లెక్క చెప్పదు. ఆ ప్రశ్నను సంఘటిత కార్మికుడే అడగాలి. సంస్థ పట్ల గౌరవాన్ని తగ్గించకుండానే ఈ మాట అంటున్నాను.

మన పే స్లిప్పులోని అంకె

పారిశ్రామిక కార్మికుల ధరల సూచికకు 1960, 1982, 2001, 2016 సంవత్సరాలు ఒకదాని తరువాత ఒకటి ఆధారమైనవి. 1960 సూచికకు 50 కేంద్రాలు ఉండేవి, వాటిలో హౌరా ఒకటి. 2016 సూచికకు 88 కేంద్రాలు. 2020 సెప్టెంబరు సూచికతో అమలులోకి వచ్చిన ఈ కొత్త సంఖ్యను 2.88తో గుణించి పాతదానితో కలుపుతారు. ఎంపిక చేసిన బజార్లలో, ఎంపిక చేసిన దుకాణాలలో, నిర్ణీత దినాన ధరలు సేకరిస్తారు.

ఈ సూచిక ఏడు రంగాల కార్మిక కుటుంబాల ఖర్చు మీద నిర్మితమైంది: కర్మాగారాలు, గనులు, తోటలు, రైల్వేలు, రేవులు, మోటారు రవాణా, విద్యుత్తు. రైల్వే మిత్రులారా, మీ వంటిల్లు ఇందులో ఉన్నది. తపాలా మిత్రులారా, మీ వంటిల్లు ఇందులో లేదు. మీ కరువు భత్యం మాత్రం దీని మీదే ఆధారపడి ఉన్నది. ఈ సంగతి ఈ గదిలో ఎందరికి తెలుసు?

మరొకటి. 2001 సూచికలో ఆహారానికి నూటికి 46 పాళ్ల బరువు ఉండేది. 2016 సూచికలో అది 39కి దిగింది. అంటే బియ్యం, పప్పు, నూనె ధరలు మునుపటివలె పెరిగినా సూచిక మునుపటంత కదలదు. ఇది మోసమని నేననను. పిల్లల చదువు, మందులు, ప్రయాణాల ఖర్చు నిజంగానే పెరిగింది. కాని పట్టాల మీద పనిచేసే ట్రాక్‌మన్ ఇంట ఆహారం బరువు ఎంత? గ్రామీణ డాక్ సేవక్ ఇంట ఎంత? సగటు వెనుక వారు కనబడరు. కనబడేటట్లు చేయడం మన పని.

మేము చేసిన తప్పు

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. పాతికేళ్ల కిందట మా శాఖ తరఫున ధరల పట్టిక తయారు చేశాము. ఉత్సాహవంతులైన కుర్రవాళ్లం. హెచ్చు ధర వ్రాస్తే కార్మికుడికి మేలు చేసినట్లే అనుకున్నాము. ఒకరు సన్నబియ్యం ధర వ్రాశారు, ఒకరు పండుగనాటి చేప ధర వ్రాశారు. మహాజరు పెట్టాము. అధికారి కాగితాన్ని నింపాదిగా చదివి, బంగాళాదుంపల వరుస మీద వేలు పెట్టి, "ఏ దుకాణం? ఏ తేదీ?" అని మాత్రం అడిగాడు. మా వద్ద సమాధానం లేదు. ఒక్క దుంప దగ్గర తడబడినందుకు నలభై సరుకుల పట్టిక మూతపడింది. అందులో నిజమైన ధరలే ఎక్కువ. వాటినీ ఎవరూ చూడలేదు.

తిరిగి వస్తుంటే వంతెన మీద మా పెద్దాయన, సార్టింగులో తల నెరిసినవాడు, "ఉత్తరం మీద పిన్ కోడ్ తప్పు వ్రాస్తే లోపల ఎంత మంచి కబురున్నా చేరదురా అబ్బాయ్" అన్నాడు. ఎర్రకోట కథ తరువాత ఎప్పుడో చదివినప్పుడు నాకు సిగ్గు వేసింది. ఆ రోజు మేము కాంట్రాక్టరు పనే చేశాము. బియ్యం లెక్క పెంచి వ్రాశాము.

మరుసటి ఏడాది నోటు పుస్తకం పెట్టాము. అవే ఆరు దుకాణాలు, నెలలో అదే రోజు, అదే రకం సరుకు, పన్నెండు నెలలు. తగ్గిన ధరను తగ్గినట్లే వ్రాశాము. ఈసారి అధికారి ఏ వరుస మీద వేలు పెట్టినా దుకాణం, తేదీ చెప్పగలిగాము. అడిగినదంతా రాలేదు. కాని మా అంకెలు సమావేశపు మినిట్సులోకి ఎక్కాయి. కాదనడం ఎవరి వల్లా కాలేదు.

ఇప్పుడు ఏమి జరుగుతున్నది?

లెక్కల స్వతంత్రత నేడు చర్చలో ఉన్నది. 2017-18లో జరిపిన కుటుంబ వినియోగ వ్యయ సర్వే ఫలితాలను నాణ్యత కారణం చూపి ప్రకటించబోమని 2019 నవంబరులో ప్రభుత్వం తెలిపింది. 2021లో జరుగవలసిన జనాభా లెక్కలు వాయిదా పడి, 2027 మార్చి 1 ఆధార దినంగా నిర్ణయమైనవి. 2025 సెప్టెంబరులో గణాంక సంస్థ చట్టాన్ని మార్చే ముసాయిదా బిల్లు వెలువడింది. 2031 నాటి శతవార్షికోత్సవం లోపు సంస్థను ప్రపంచ స్థాయికి తీసుకుపోవడమే ఉద్దేశమని ప్రభుత్వం చెప్పింది. సొసైటీ స్వరూపం పోతే స్వయంప్రతిపత్తి పోతుందని అధ్యాపకులు, విద్యార్థులు నిరసన తెలిపారు.

ఇది ఆచార్యుల గొడవ, మనకెందుకని అనుకోరాదు. 8వ వేతన సంఘం 2025 నవంబరులో ఏర్పడింది. 7వ వేతన సంఘం నాడు కనీస వేతనం 26,000 రూపాయలు కావాలని మనవారు అడిగారు. సంఘం 18,000 అన్నది. ఇరుపక్షాలూ చెప్పినది 1957 నాటి కొలమానమే. తేడా చాలావరకు ధరల దగ్గర వచ్చింది. సంఘం లేబర్ బ్యూరో ధరలను తీసుకున్నది, మనవారు బజారు ధరలను చూపారు. ఆ ఎనిమిది వేలు వాదనలో పోలేదు మిత్రులారా, పట్టికలో పోయింది.

కనుక మూడు పనులు మీ ముందుంచుతున్నాను. ప్రతి శాఖలో ఇద్దరు కార్యకర్తలు ఒక నోటు పుస్తకం పెట్టి, ప్రతి నెలా ఒకే రోజున, ఒకే దుకాణాలలో ధరలు వ్రాయాలి. పెరిగినదీ వ్రాయాలి, తగ్గినదీ వ్రాయాలి. ప్రతి శాఖ కొన్ని కుటుంబాల, ముఖ్యంగా తక్కువ జీతగాళ్ల, కాంట్రాక్టు కార్మికుల నెలసరి ఖర్చును చీట్లు తీసి ఎంపిక చేసి నమోదు చేయాలి. మనకు నచ్చిన ఇళ్లను ఏరుకోరాదు. మూడవది, ప్రభుత్వ గణాంక సంస్థలు ప్రభుత్వానికి రుచించని లెక్కను కూడా ప్రకటించగల స్వేచ్ఛ కలిగి ఉండాలని మన తీర్మానాలలో కోరాలి. ఆ స్వేచ్ఛ మనకు రుచించని లెక్కకు కూడా వర్తిస్తుందని ఒప్పుకోగల ధైర్యం మనకుండాలి.

వంతెనకు ఆవల ఒక కళాశాల గదిలో 250 రూపాయలతో మొదలైన పని దేశానికి లెక్క నేర్పింది. మనకు కావలసిన నోటు పుస్తకం ఖరీదు అంతకన్న ఎంతో తక్కువ. రేపు డ్యూటీ దిగి ఇంటికి పోతూ దాన్ని కొనండి. మొదటి వరుసలో ఉప్పు ధర వ్రాయండి.